వెనక పేజీలో జవాబు

ఇంటర్ లెక్కలకు ఏ పుస్తకం కొనాలని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. కూరగాయల బండి దగ్గర అడుగుతారు. దవాఖానాలో చీటీ పట్టుకుని కూర్చున్నప్పుడు అడుగుతారు. ఒకాయన చావింట్లో, శవాన్ని లేపకముందే అడిగాడు. కాజీపేటలో రీడింగ్ రూము చూసుకునే ఉద్యోగం మానేసి చాలాకాలమైనా నా మొహం మీద ఇంకా అట్టలూ పేజీలూ కనిపిస్తాయేమో. కాలేజీకి పోకుండా, ట్యూషను లేకుండా, తమంతట తామే చదువుకునే పిల్లలు అడిగితే మాత్రం నేను వెంటనే ఏ పేరూ చెప్పను. ముందు కూర్చోబెట్టి ఈ సంగతి చెబుతాను. సగంలో లేచిపోయేవాళ్లే ఎక్కువ. మీరు పోకండి.

నాకు కోతలరాయుడని పేరుంది. ఊరికే రాలేదు. మా రీడింగ్ రూములో ఫ్యాను ఎంత నిదానంగా తిరిగేదంటే, ఒక పావురం దాని రెక్క మీద గుడ్డు పెట్టి, పిల్లను చేసి, ఆ పిల్లకు ఎగరడం కూడా నేర్పింది. ఇందులో ఫ్యాను నిజం, పావురం నిజం. మిగతాది మీ ఇష్టం. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. ఇది తలచుకుంటే నాకు ఇవాళ్టికీ అరచేతులు చెమటపడతాయి. చెమటపట్టిన చేతులతో కోతలు కోయడం కష్టం.

ఆ రీడింగ్ రూము చర్చి వాళ్లు నడిపేది. స్టేషనుకు దగ్గర. పైన రేకులు, కింద పొడుగాటి బల్లలు. ఏ మతంవాళ్లయినా రావచ్చు. వచ్చేవాళ్లందరి మతమూ ఒకటే, పరీక్ష. రైల్వే వాళ్ల పిల్లలు, పెళ్లయ్యాక చదువు మళ్లీ మొదలుపెట్టిన ఆడవాళ్లు, డ్యూటీ దిగి అవే బట్టలతో వచ్చి కూర్చునేవాళ్లు. ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్ రాసే వీళ్లందరికీ లెక్కలే గండం. అందుకని ఒక ఏడాది ఫాదర్ గారు, సొంతంగా చదువుకునేవాళ్లకు పనికొచ్చే లెక్కల పుస్తకం ఒకటి ఎంచి అందరికీ అదే తెప్పిద్దామన్నారు. ఎంచడానికి ముగ్గురం కూర్చున్నాం.

ఫాదర్ గారిది బైండింగ్ పరీక్ష. పిల్లి తన పిల్లను ఎత్తినట్టు పుస్తకాన్ని ఒక అట్ట పట్టుకుని ఎత్తి ఊపేవారు. నాది బరువు పరీక్ష. బరువుంటే జనం నమ్ముతారని నా సిద్ధాంతం. అసలు పరీక్ష మూడో ఆయనది. ప్రభుత్వ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరర్. ఊళ్లో సగంమంది ఆయన శిష్యులు, మిగతా సగం ఆయనకు భయపడి ఆర్ట్స్ తీసుకున్నవాళ్లు. ఆయన పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి ఒక లెక్కను వేలితో పట్టుకునేవారు. వెనక పేజీలు తిప్పి దాని జవాబు చూసేవారు. తర్వాత కాగితం మీద లెక్క చేసేవారు. వెనకున్న జవాబే కాగితం మీదా వస్తే పుస్తకం నిఖార్సయినదన్నమాట.

మేము ఎంచిన పుస్తకం ఇటుకంత లావుంది, అట్ట నెమలిపింఛం రంగు. ఫాదర్ గారు ఊపితే ఒక్క పేజీ జారలేదు. లెక్చరర్ గారు అందులో ఏ లెక్క మొదలుపెట్టినా అది ఇంటిదారి తెలిసిన బర్రెలాగా నేరుగా వెనక పేజీలోని జవాబు దగ్గరికే వెళ్లి ఆగింది. ఆయన కలానికి మూతపెట్టి, “ఇదే” అన్నారు. అయిపోయింది.

ఆ పుస్తకం తీసుకున్నవాళ్లలో ఒకామె పట్టాల పని చేసేది. తండ్రి డ్యూటీలో ఉండగా పోతే, పది పాసైన ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చారు. గ్యాంగులో మగవాళ్లతో సమానంగా సుత్తి ఎత్తాలి, కంకర తవ్వాలి. వాళ్లది నెక్కొండ దిక్కు పల్లె, కూలి చేసుకునే కుటుంబం. నడుము అప్పటికే దెబ్బతింది. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. ఉద్యోగమే బరువులు ఎత్తడం. లెక్కలతో ఇంటర్ పాసైతే డిపార్ట్‌మెంట్ పరీక్ష రాసుకుని, సుత్తి కొట్టే పని నుంచి పట్టాలను కొలిచి చూసే పనికి మారొచ్చు. దానికి వయసు పరిమితి ఉంది. ఆ ఏడాది ఇంటర్ గట్టెక్కితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే ఇక లేదు. ఇంట్లో తల్లి, ఆ తల్లి మందులు, ఈమె నడుము. అన్నీ ఆ నెమలిపింఛం అట్ట మీదకు వచ్చి కూర్చున్నాయి.

పుస్తకం చేతిలో పెట్టిన రోజు ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని అడిగింది.

“అన్నా, చెప్పేటోళ్లు లేకుండ నాకు ఇది ఎక్కుతదా?”

“ఎక్కకపోవుడేంది చెల్లె! బల్లార్షా పోయే బండ్ల ఒక పిలగాడు గీ పుస్తకం తెరిచి కూసున్నడు. బండి బల్లార్షా చేరేసరికి ఇంటర్ పాసయిండు.”

“బండి ఎన్నొద్దులు లేటు నడిచిందన్నా?”

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పుస్తకాల కట్ట విప్పిందే ఆ పొద్దున, ఇంకా ఎవరూ దాంతో చదవనే లేదు.

మొదట్లో బాగానే సాగింది. డ్యూటీ దిగి వచ్చి, మొహం కడుక్కుని, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేది. లెక్క కుదిరితే కాళ్లు ఊపేది, నాకు అక్కడినుంచే తెలిసేది. తర్వాత వృత్తాల పాఠం వచ్చింది. కాళ్లు ఊపడం ఆగింది. కాగితాలు చింపడం మొదలైంది. రబ్బరుతో ఒకేచోట రుద్ది రుద్ది కాగితానికి బొక్క పడేది. కొన్నాళ్లకు కిటికీ వదిలేసి గోడవైపు తిరిగి కూర్చుంది.

ఒక సాయంత్రం లెక్చరర్ గారు పేపరు చదవడానికి వస్తే, ఆయన పక్కన నిలబడి భయపడుతూ అడిగింది.

“సార్, గీ లెక్క ఎన్నిమార్లు చేసినా ఆన్సరు కలుస్తలేదు. జర చూస్తరా?”

ఆయన చూశారు. అలవాటుగా వెనక పేజీ తిప్పి జవాబు చూశారు. చకచకా చేశారు. జవాబు కలిసింది. ఆమె కాగితం తీసుకుని ఒకచోట ఎర్రగీత పెట్టి కొట్టేశారు.

“ప్లస్సు, మైనస్సుల దగ్గర్నే గిట్ల తడబడితే ఇంటర్ ఎందుకు బిడ్డా?”

ఆయనకు అది తిట్టు కాదు. కాలేజీలో అలాంటి మాటలు పిల్లల మీదకు పూలలాగా విసిరేవారట. ఆమె కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంటర్ పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజు ముందు సాయంత్రం ఆమె వచ్చి పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టింది. శుభ్రంగా అట్ట వేసి ఉంది. లోపల ఒక్క పేజీ మడత లేదు.

“తీస్కో అన్నా. ఎవలకన్న పనికొచ్చేటోళ్లకియ్యి.”

“ఏమైంది చెల్లె?”

“ఏం కాలె. నాకు రాదు. తెలిసిపోయింది. ఊకె ఆశపడుడు తప్పింది.”

“రేపే ఆఖరు. ఆన్‌లైన్ల దరఖాస్తు అంతా నింపిపెట్టినం గద, ఒక్క నొక్కుడే ఉన్నది.”

“నొక్కకు.”

“జర ఆగు చెల్లె, నా మాటిను.”

“నీ బల్లార్షా పిలగాడు పాసైండు గద. సాలు.”

నవ్వుతూ అనలేదు. కోతలు కోసేవాడికి ఒక శాపం ఉంటుంది. నిజంగా ధైర్యం చెప్పాల్సి వచ్చినప్పుడు వాడి నోట్లో పనికొచ్చే మాట ఒక్కటీ మిగలదు. ఆమె మెట్లు దిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. లెక్చరర్ గారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన “ఊఁ” అని పెట్టేశారు. నాకు ఒళ్లు మండింది.

మరునాడు నేను తాళం తీయడానికి వెళ్లేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చెడని మనిషి, చొక్కాకు గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు. చేతిలో గ్రాఫు కాగితం.

“నిన్న నువ్వు చెప్పినంక నిద్రవట్టలె. ఆ లెక్క మళ్లా చేసిన. వెనక చూడకుండ చేసిన.”

“అయితే?”

“ఆ పిల్లదే కరెక్టు.”

లెక్కలు రానివాళ్లకూ అర్థమయ్యే సంగతే ఇది. నాకు అర్థమైంది కాబట్టి హామీ ఇస్తున్నాను. మూడు చుక్కలు ఇచ్చి, ఆ మూడింటి మీదుగా పోయే వృత్తం ఏదో చెప్పమన్నారు. పుస్తకం వెనక ఇచ్చిన వృత్తాన్ని ఆయన గ్రాఫు మీద గీశారు. చుక్కలు మూడూ అడ్డగీతకు పైన ఉన్నాయి. వృత్తం కింద ఎక్కడో పడి ఉంది. ఒక్క చుక్కనూ తాకలేదు. ఆమె జవాబు ప్రకారం గీసిన వృత్తం, అంటే ఆయన ఎర్రగీత పెట్టి కొట్టేసినది, మూడింటి మీదుగా చక్కగా పోతోంది.

“ఆ పాఠంల ఇంకా గిట్లాంటియి ఉన్నయి. ఆ పిల్ల అన్నీ సరిగ్గనే చేసుంటది. తప్పనుకొని చింపుకున్నది.” ఆయన లేచి నిలబడ్డారు. “ఫోన్ చెయ్యి.”

చేశాను. మోగి మోగి ఆగిపోయింది. పని నడిచేటప్పుడు గ్యాంగు వాళ్ల ఫోన్లన్నీ మేస్త్రీ సంచిలో ఉంటాయి. ఆ వారం వాళ్లకు నెక్కొండ దగ్గర పని. దరఖాస్తు పంపే బటను నొక్కాలంటే ఆమె ఫోనుకు ఓటీపీ వస్తుంది, అది ఆమే చెప్పాలి. సర్వరు ఆఖరి రోజు సాయంత్రమయ్యేసరికి చచ్చిపోతుందని రీడింగ్ రూములో అందరికీ అనుభవమే. స్టేషనుకు పరుగెత్తాం. దొరికిన ప్యాసింజరు ఎక్కాం.

వరంగల్ దాటాక లెక్చరర్ గారు కిటికీవైపు తిరిగి ఏదో గొణగడం మొదలుపెట్టారు. చెవి పెట్టి విన్నాను. “అది ముద్రణా దోషం బిడ్డా… అది ముద్రణా దోషం…” పాఠం అప్పజెప్పాల్సిన పిల్లవాడిలా వల్లెవేస్తున్నారు. నేను ప్రార్థన చేసుకున్నాను. దేవుడితో కూడా కాస్త పెంచి చెప్పే అలవాటు నాది. ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పాను.

నెక్కొండ ఇంకా రాలేదనగా, మిరపచేల మధ్య బండి ఆగిపోయింది. ఎంతకీ కదలదు. ఎదురు సీటు ఆయన బయటికి తొంగిచూసి, “ముంగట పట్టాల పని నడుస్తాందట” అన్నాడు.

నేనూ తొంగిచూశాను. దూరంగా ఎండలో నారింజరంగు చొక్కాలు కదులుతున్నాయి. మేము ఎవరి కోసం పోతున్నామో, వాళ్లే మా బండిని ఆపారు. ఇది నేను కల్పించింది కాదు. నా తలకాయలో పుట్టిందైతే ఇంకొంచెం నమ్మదగ్గట్టు అల్లేవాడిని.

ఇద్దరం కంకర మీదకు దిగాం. తోలు చెప్పులతో ఆయన ఒక్కో అడుగూ గుడ్ల మీద నడిచినట్టు నడుస్తున్నారు. గ్యాంగు మేస్త్రీ మమ్మల్ని చూసి చేతులూపుతూ అరిచాడు.

“ఓ పెద్దమనుషులూ! బండి ఆగితే దిగుడేనా? ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!”

“లెక్క పని మీద వచ్చినమయ్యా!” అని నేను అరిచాను.

“మా బోల్టుల లెక్క మంచిగనే ఉన్నది, పోండ్రి!”

ఆమె మమ్మల్ని గుర్తుపట్టి సుత్తి కింద పెట్టింది. తల్లికి ఏమన్నా అయిందేమోనని మొహం తెల్లబడింది. అది కాదని నేను చెయ్యి ఊపాక దగ్గరికి వచ్చింది. లెక్చరర్ గారు వల్లెవేసిన వాక్యం బయటపెట్టారు.

“అది ముద్రణా దోషం బిడ్డా. ఆ వృత్తం లెక్క. వెనక ఆన్సరు తప్పు. నీదే కరెక్టు.”

ఆమె గ్రాఫు కాగితం తీసుకుంది. చుక్కలు చూసింది. కింద పడున్న వృత్తం చూసింది. పైన పోతున్న తన వృత్తం చూసింది. వెనక గ్యాంగు వాళ్లు పని ఆపి నిలబడ్డారు.

“పుస్తకంల తప్పువడ్డది, మంచిది సార్. మరి మీకు గూడ గదే ఆన్సరు ఎట్ల వచ్చింది? నా ముంగటనే చేసిన్రు గద.”

బండిలో ఈ ప్రశ్నకు ఆయన ఏమీ తయారు చేసుకోలేదు. ఆయన తప్పించుకుంటారనే అనుకున్నాను. తొందరలో, కళ్లజోడు లేక, ఏదో ఒకటి. ఆయన స్థానంలో నేనుంటే ఆపాటికి ఒక కథ సగం పూర్తయి ఉండేది.

“రాలేదు బిడ్డా. తెచ్చిన.”

“అంటే?”

“వెనక ఏమున్నదో ముందుగాల చూసిన. అక్కడికే పోవాలె గదా అని నడుమల ఒక మైనస్సును ప్లస్సు చేసిన. కావాలని చెయ్యలె. చెయ్యి అలవాటుగ చేసేసింది. క్లాసుల ఆన్సరు రాకపోతే పిల్లలు నవ్వుతరని… ఎప్పటిసందో గదే అలవాటు.”

అప్పుడు నాకు మా పుస్తకాల ఎంపిక గుర్తొచ్చింది. జవాబు ముందే చూసి, ఎలాగైనా దాన్ని తెచ్చుకునే మనిషి చేతిలో ఓడిపోయే పుస్తకం లోకంలో ఉండదు. మా పరీక్షలో ఏ పుస్తకం పెట్టినా ఫస్టుక్లాసే. పిల్లలూ, మీకు ఎవరైనా పెద్దమనిషి ఒక పుస్తకాన్ని మెచ్చుకుంటే, ఆయన దాన్ని ఎటువైపు నుంచి తెరిచాడో కొంచెం అడగండి.

ఆమె కాగితాన్ని మడవలేదు, చింపలేదు.

“ఇన్నొద్దులు నా తలకాయనే తిట్టుకున్న సార్. డ్యూటీల పట్టా సూస్తే గూడ మైనస్సు గుర్తే కనవడ్డది.”

“నన్ను తిట్టు బిడ్డా. ఊకోకు.”

“తిట్టుడు తర్వాత. అన్నా, ఫోన్ తియ్యి.”

ఫోన్ తీశాను. ఇక్కడి నుంచి మొదలైంది అసలు నరకం. ఓటీపీ ఆమె ఫోనుకు రావాలి, ఆమె ఫోను మేస్త్రీ సంచిలో ఉంది.

“పని నడిచేటప్పుడు ఫోన్ ఇయ్యరాదు. రూలు. బండి ఆపుమంటె ఆపుత గని ఫోన్ మాత్రం ఇయ్య.”

లెక్చరర్ గారు ముందుకు వెళ్లారు. మేస్త్రీ ఆయన మొహంలోకి ఒకసారి తేరిపార చూశాడు. సంచి జిప్పు దానంతట అదే తెరుచుకున్నట్టయింది.

“సార్, మీరా! మీ భయానికే ఆర్ట్స్ తీస్కున్న సార్ నేను.”

“మంచిపని చేసినవ్. ఫోన్ ఇయ్యి.”

సిగ్నలు ఒక్క గీత ఉంది. మొదటిసారి ఓటీపీ అంకెలు వచ్చేసరికి వాటి గడువు దాటిందని తెర మీద వచ్చింది. రెండోసారి నా చెమట వేళ్లు ఒక అంకె బదులు ఇంకోటి నొక్కాయి. ముందర గ్యాంగు వాళ్లు పని ముగించి పట్టాల మీద నుంచి తప్పుకుంటున్నారు. బండి కూత వేసింది. మూడోసారి నేను నొక్కలేదు, నా ఫోను ఆమె చేతికిచ్చాను. ఆమె చేతితొడుగు పళ్లతో లాగేసి, ఒక్కో అంకె బయటికి చదువుకుంటూ నొక్కింది. తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది. మా బండి మమ్మల్ని దాటుకుంటూ వెళ్లిపోతోంది. కిటికీలోంచి ఎదురు సీటు ఆయన చెయ్యి ఊపుతున్నాడు. చక్రం ఇంకా తిరుగుతోంది.

దరఖాస్తు అందింది అని వచ్చింది.

ఆమె నా ఫోను నాకు, తన ఫోను మేస్త్రీకి ఇచ్చేసి సుత్తి అందుకుంది. మా ఇద్దరికీ ధన్యవాదాలు అలాంటివేమీ చెప్పలేదు.

“పొద్దుమీకి వస్త. పుస్తకం మార్చాలె. గీసారి నేనే సూస్కుంట.”

నెక్కొండ దాకా కంకర పక్కన నడిచాం. లెక్చరర్ గారు ఒకచోట ఆగి చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్నారు.

ఆమె పాసైందా అని మీరు అడుగుతారు. పాసైంది. రాష్ట్రానికి ఫస్టు వచ్చిందని చెప్పడానికి నా నాలుక దురద పెడుతోంది గానీ, మామూలుగానే పాసైంది, డిపార్ట్‌మెంట్ పరీక్ష రాయడానికి సరిపోయింది. కానీ ఆ సాయంత్రం అది మాలో ఎవరికీ తెలియదు. పరీక్ష ముందుంది, పోయిన రోజులు పోయాయి, చేతిలో నమ్మదగ్గ పుస్తకం లేదు.

రీడింగ్ రూములో పొడుగు బల్ల మీద మా దగ్గరున్న లెక్కల పుస్తకాలన్నీ పరిచి పెట్టాను. ఫాదర్ గారు, నేను, లెక్చరర్ గారు ఒకవైపు వరసగా కూర్చున్నాం, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలాగా. ఆమె అటువైపు. ఆమె పుస్తకాన్ని ఊపలేదు, బరువు చూడలేదు. వృత్తాల పాఠం తెరిచి, చేసి చూపించిన లెక్క ఒకటి తీసుకుని, కాగితం ముక్కతో కింది వరసలు మూసేసి, ఒక్కో వరస చదివి, తర్వాతి వరస ఏమై ఉంటుందో తనే రాసుకుని, అప్పుడు కాగితం కిందికి జరిపేది. ఒక పుస్తకం దగ్గర ఆగింది.

“‘సులభముగా తెలియుచున్నది’ అంటాండు. ఎవలకు సులభమన్నా?”

పక్కన పెట్టింది. ఇంకొకటి పరీక్షలో తొందరగా టిక్కు పెట్టే ఉపాయాలతో నిండి ఉంది. “ఇది లెక్క వచ్చినోళ్లకు” అని దాన్నీ పక్కన పెట్టింది. అట్ట వెలిసిపోయి, కాగితం గోధుమరంగుకు తిరిగిన సన్నటి పుస్తకం ఒకటి మిగిలింది. నేను దాన్ని తూకం పరీక్షలోనే ఎప్పుడో తప్పించాను. అందులో ప్రతి వరస పక్కనా అది ఎందుకు వచ్చిందో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. మధ్యలో ఆమె కాళ్లు ఊపిందా లేదా అని బల్ల కిందికి చూశాను. లేదు. అప్పుడే నమ్మేటట్టు లేదు.

అభ్యాసంలోంచి ఒక లెక్క మీద వేలు పెట్టింది. వెనక జవాబుల పేజీ తెరిచి, దాని మీద అరచెయ్యి బోర్లించింది. పుస్తకాన్ని లెక్చరర్ గారివైపు తిప్పింది.

“చెయ్యుండ్రి సార్.”

ఆయన ఒకసారి ఆ చేతివైపు చూశారు. కలం మూత తీశారు. ముందు బొమ్మ గీసుకున్నారు, ఇదివరకు ఆయన అలా గీసుకోవడం నేను చూడలేదు. ఒక వరస రాసి, వెనక్కి వెళ్లి గుర్తులు సరిచూసి, తర్వాతి వరసకు వెళ్లారు. ఫాదర్ గారి పెదాలు కదులుతున్నాయి. జవాబు కింద గీత గీసి ఆయన కాగితాన్ని ముందుకు తోశారు.

ఆమె చెయ్యి తీసి చూసింది. కాగితం చూసింది. మళ్లీ పేజీ చూసింది.

“కలిసింది.”

మా ముగ్గురికీ ఒకేసారి ఊపిరి వచ్చింది. లెక్చరర్ గారు కలానికి మూత పెట్టబోయారు.

ఆమె పేజీ తిప్పి, మళ్లీ అరచెయ్యి బోర్లించింది.

“ఇంకోటి చెయ్యుండ్రి సార్.”